ఇల్లు మారే రోజు టైమ్ ఎక్కడ పోతుంది, ఎలా కాపాడుకోవాలి

"పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం, రాత్రి పదకొండు దాటినా మంచం బిగించలేదు, ఎందుకిలా?" అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈసారి మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను. ఇది హైదరాబాద్‌లోనే ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మారేవాళ్ళ కోసం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొండాపూర్‌కో, మల్కాజ్‌గిరి నుంచి మియాపూర్‌కో డబల్ బెడ్రూమ్ సామాను తీసుకెళ్తున్నారనుకోండి, అలాంటివాళ్ళ కోసం.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. ఆ రోజు టైమ్ సామాను మోయడంలో పోదు. ప్యాకింగ్ పూర్తయిపోయి ఉంటే, లిఫ్ట్ కూడా ఉంటే, నలుగురు హమాలీలు డబల్ బెడ్రూమ్ ఇంటిని రెండు మూడు గంటల్లో ఖాళీ చేసేస్తారు. మిగిలిన టైమ్ అంతా ఎదురుచూపుల్లో పోతుంది. లిఫ్ట్ కోసం, తాళం కోసం, ఏసీ విప్పే అబ్బాయి కోసం, "ఇది తీసుకెళ్దామా, ఎవరికైనా ఇచ్చేద్దామా" అన్న చర్చ తేలడం కోసం అందరూ నిలబడిపోతారు. కింద రాసిందంతా ఆ ఎదురుచూపుల్ని ముందే తీసేయడానికి.

1. తేదీ పెట్టుకునేటప్పుడే సగం టైమ్ మిగులుతుంది

నెలాఖరు, ఒకటో తారీఖు, ఆషాఢం అయిపోయాక వచ్చే శ్రావణంలో మంచి రోజులు, ఈ మూడు సందర్భాల్లో ఊళ్ళో బళ్ళన్నీ బిజీ. ఒకే బండి రోజుకు రెండు మూడు ఇళ్ళు ఒప్పుకుంటుంది, మీది రెండోదైతే మొదటి ఇంట్లో జరిగిన ఆలస్యమంతా మీ నెత్తిన పడుతుంది. అందుకే మాట్లాడేటప్పుడు "మాది ఆ రోజు మొదటి ట్రిప్పేనా?" అని సూటిగా అడగండి. వీలైతే రెండు ఇళ్ళ అద్దె ఓ మూడు నాలుగు రోజులు కలిసేలా చూసుకోండి. ఆ కాస్త డబ్బు దండగ అనిపిస్తుంది కానీ, నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పనికొచ్చే ఖర్చు అదే.

ఇక ముహూర్తం. పాలు పొంగించే టైమును, సామాను దించే టైమును విడదీయండి. చాలా ఇళ్ళలో రెండూ ఒకే పూట పెట్టుకుంటారు. బండి ట్రాఫిక్‌లో ఉంటుంది, పాలగిన్నె బండిలో ఉంటుంది, అత్తయ్యగారు వాచీ చూసుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు, ఎంత టెన్షనో ఆలోచించండి. ఒకటి రెండు రోజుల ముందో, కనీసం ఆ రోజు తెల్లవారుజామునో, దేవుడి పటం, కొత్త గిన్నె, పాలు, చిన్న స్టవ్వు తీసుకెళ్ళి ఆ కార్యక్రమం పూర్తిచేసి రండి. తర్వాత సామాను ఎప్పుడు చేరినా ఎవరికీ బెంగ ఉండదు.

ఇంట్లో రాహుకాలం చూస్తారా? అయితే ఇవి రాసి పెట్టుకోండి: సోమవారం 7:30–9, మంగళవారం 3–4:30, బుధవారం 12–1:30, గురువారం 1:30–3, శుక్రవారం 10:30–12, శనివారం 9–10:30, ఆదివారం 4:30–6. ఇవి ఉజ్జాయింపు టైములు, సూర్యోదయాన్ని బట్టి కొద్దిగా మారతాయి, పంచాంగంలో ఓసారి సరిచూసుకోండి. బండివాళ్ళతో మాట్లాడక ముందే పెద్దవాళ్ళను అడగండి. అంతా ఖాయమయ్యాక "ఆ రోజు వద్దు" అంటే మళ్ళీ పది ఫోన్లు చేయాలి.

2. వారం ముందు: ఎవరెవరికి ఫోన్ చేయాలి

గేటెడ్ కమ్యూనిటీల్లో, పెద్ద అపార్ట్‌మెంట్లలో షిఫ్టింగ్‌కు సొంత రూల్స్ ఉంటాయి. కొన్నిచోట్ల ఆదివారం ఒప్పుకోరు, కొన్నిచోట్ల సాయంత్రం తర్వాత సామాను ఎక్కనివ్వరు, సర్వీస్ లిఫ్ట్ ముందే బుక్ చేసుకోవాలి, షిఫ్టింగ్ ఛార్జీలు కట్టాలి, ఓనర్ నుంచి మెయిలో లెటరో ఉంటే తప్ప గేటు తీయరు. పాత అపార్ట్‌మెంట్‌లోనూ అంతే, మెయింటెనెన్స్ బాకీ లేదని సెక్రటరీ చెబితే గానీ వాచ్‌మన్ బండిని బయటికి వదలడు. కాబట్టి రెండు చోట్లా అడగాలి.

వారం ముందు పూర్తి కావాల్సినవి:

- కొత్త అపార్ట్‌మెంట్‌లో అనుమతి, లిఫ్ట్ టైమ్, గేట్ పాస్. గేటు దగ్గర యాప్ వాడుతుంటే బండి నంబరు ముందు రోజు అందులో ఎక్కించాలి.
- పాత అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ లెక్క, బయటికి వెళ్ళడానికి లెటర్.
- తాళాలు. "ఆ రోజు వచ్చి ఇస్తాను" అనే ఓనర్‌ను బతిమాలైనా సరే, ముందే తీసుకోండి.
- ఇంటర్నెట్ షిఫ్టింగ్ రిక్వెస్ట్. కొత్త బిల్డింగ్‌లో మీ కంపెనీ లైన్ ఉందో లేదో వాచ్‌మన్‌కు తెలుస్తుంది.
- గ్యాస్ ఏజెన్సీకి అడ్రస్ మార్పు. అదే కంపెనీ అయితే యాప్‌లోనే ఏజెన్సీ మార్చుకోవచ్చు.
- ఏసీ విప్పడానికి ముందు రోజుకు, బిగించడానికి తర్వాతి రోజుకు మనిషి. షిఫ్టింగ్ రోజున మాత్రం పిలవకండి.
- కొత్త ఇంట్లో నీళ్ళు ఎప్పుడొస్తాయి, బోరా, మంజీరానా, కృష్ణానా, సంపు నిండి ఉంటుందా. చాలా కాలనీల్లో నల్లా నీళ్ళు రోజు విడిచి రోజే వస్తాయి, నీళ్ళు రాని రోజున దిగితే కడగడానికి కూడా ఉండవు.

ఇంకొకటి, ఇది చాలామంది వదిలేస్తారు. టేపు పట్టుకుని కొత్త ఇంటికి వెళ్ళి లిఫ్ట్ తలుపు వెడల్పు, లోపల ఎత్తు, మెట్ల మలుపు, బెడ్రూమ్ గుమ్మం కొలవండి. బీరువా, సోఫా, ఫ్రిజ్, పెద్ద పరుపు, ఈ నాలుగింటి కొలతలతో పోల్చుకోండి. లిఫ్ట్‌లో పట్టని బీరువాను మెట్ల మీదుగా ఐదో అంతస్తుకు ఎక్కించాలంటే ఒక్కదానికే అరగంట పోతుంది, అదనంగా డబ్బూ అడుగుతారు. ముందే తెలిస్తే రేటులోనే మాట్లాడుకోవచ్చు.

3. బండి ఏది, ఎలా మాట్లాడాలి

సింగిల్ రూమ్ సామాను టాటా ఏస్‌లో పట్టేస్తుంది. డబల్ బెడ్రూమ్ అంటే డీసీఎం (టాటా ఏస్ కంటే పెద్దది, మధ్యరకం లారీ) మాట్లాడుకోవడమే నయం. చిన్న బండితో రెండు ట్రిప్పులు వేస్తే డబ్బు మిగులుతుందనిపిస్తుంది కానీ, ఈ ఊళ్ళో రెండో ట్రిప్పు అంటే సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కోవడమే.

అయితే డీసీఎం మీ గల్లీలోకి వస్తుందా? కరెంటు వైర్లు ఎంత కిందికి ఉన్నాయి, గల్లీ మలుపులో కార్లు పార్క్ చేస్తారా, చూడండి. పాత బస్తీల్లో, ఇరుకు కాలనీల్లో బండి మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది, అక్కడి దాకా ట్రాలీ ఆటోలో చేరవేయాలి, పని రెట్టింపవుతుంది. అలాంటిచోట ఇంకో ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టుకోండి. బండి కోసం గేటు ముందు చోటు కావాలంటే ముందు రోజు రాత్రే పక్కింటివాళ్ళకు చెప్పి మీ స్కూటరో కారో అక్కడ పెట్టుకోండి.

పెద్ద గూడ్స్ బళ్ళకు సిటీలో రద్దీ టైముల్లో ట్రాఫిక్ పోలీసుల ఆంక్షలుంటాయి. బండి సైజును బట్టి, రోడ్డును బట్టి టైములు మారతాయి. "మా రూట్లో మీ బండికి ఏ టైములో ఇబ్బంది లేదు?" అని డ్రైవర్‌నే అడగండి, అతను రోజూ తిరిగే మనిషి. ఎల్బీ నగర్ వైపు నుంచి గచ్చిబౌలి వైపు వెళ్ళేవాళ్ళకు ఔటర్ రింగ్ రోడ్డు ఒక దారి. కిలోమీటర్లు ఎక్కువైనా సిగ్నళ్ళు ఉండవు. టోల్ ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. ఔటర్ మీదికి బైకులను అనుమతించరు, బండి వెనకే బైక్ మీద వద్దామనుకునేవాళ్ళు వేరే దారి చూసుకోవాలి.

ఫోన్‌లో రేటు మాట్లాడేటప్పుడు ఇవన్నీ ఒకేసారి చెప్పండి: రెండు ఇళ్ళలో ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా లేదా, బండి ఎంత దూరంలో ఆగుతుంది, బీరువాలెన్ని, మంచాలు ఎవరు విప్పి బిగిస్తారు, ఎంతమంది వస్తారు. తర్వాత అదంతా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి "ఓకే" అనిపించుకోండి. సామాను సగం దించాక మొదలయ్యే బేరం అరగంట తినేస్తుంది, ఆ మెసేజ్ ఉంటే అది రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

4. ప్యాకింగ్: షిఫ్టింగ్ రోజున ఒక్క పెట్టె కూడా కట్టకూడదు

ఈ ఒక్కటి గట్టిగా పట్టుకోండి, మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. హమాలీలు గుమ్మంలో నిలబడి ఉండగా మనం అల్మారా ముందు కూర్చుని బట్టలు మడతపెడుతుంటే నలుగురి టైమ్ ఆగిపోతుంది. ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్ళే వచ్చి ప్యాక్ చేసే పద్ధతైతే, పెద్ద ఇంటికి వాళ్ళను ముందు రోజే రమ్మనండి.

ముందుగా అటక, సజ్జలు, పుస్తకాలు. తర్వాత షోకేసు, పట్టుచీరలు, చలికాలం బట్టలు. వంటిల్లు ఆఖరున. ప్రతి పెట్టె మీద రెండే రాయండి: నంబరు, కొత్త ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళాలో. "14 – వంటిల్లు", "15 – పిల్లల గది". లోపల ఏముందో మీ ఫోన్‌లో నంబరు పక్కన రాసుకుంటే చాలు. కొత్త ఇంట్లో ఒక్కో గది తలుపు మీద అదే పేరుతో కాగితం అతికించండి. అప్పుడు హమాలీ "ఇదెక్కడ పెట్టాలమ్మా?" అని అడగక్కర్లేదు. రాసింది చదవలేనివాళ్ళుంటే గదికో రంగు టేపు వేయండి, ఇంకా త్వరగా అవుతుంది.

పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే సర్దండి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు వేస్తే అడుగు ఊడిపోతుంది, లేదా ఇద్దరు మోయాల్సి వస్తుంది. అట్టపెట్టెలు మీ వీధిలోని కిరాణా షాపులో, మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు. గ్లాసులకు, పింగాణీకి పాత దుప్పట్లు, తువ్వాళ్ళు చుడితే అవి ఎటూ తీసుకెళ్ళాల్సినవే కాబట్టి రెండు పనులూ అయిపోతాయి.

పచ్చళ్ళ జాడీల దగ్గర కాస్త ఆగాలి. ఆవకాయ జాడీని పెట్టెలో పెట్టి బండెక్కిస్తే, గుంతల రోడ్డు మీద మూత సందుల్లోంచి నూనె కారి పెట్టె అడుగు మెత్తబడుతుంది, పక్కనున్న పెట్టెకూ అంటుతుంది, ఆ మరక వదలదు. ముందు రోజు పైన తేలిన నూనెను వేరే సీసాలోకి వంపండి. జాడీ అంచును పొడిగుడ్డతో తుడవండి. మూతికి ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద మూత పెట్టి, పాత కాటన్ గుడ్డతో మెడ దగ్గర వాసెన కట్టండి. తర్వాత నిటారుగా బకెట్లో దించి, చుట్టూ తువ్వాళ్ళు కుక్కి, మీ కారులో కాళ్ళ దగ్గర పెట్టుకోండి. నూనె డబ్బాలు, నెయ్యి, ఫినాయిల్ కూడా బండిలో వేయకండి. బియ్యం డబ్బా సగం ఖాళీ చేసి సంచిలోకి మార్చండి, నిండు డబ్బా ఎత్తితే పిడి ఊడుతుంది.

5. ముందు రోజు సాయంత్రం

- ఫ్రిజ్ ఖాళీ చేసి రాత్రే ఆపేయండి. తలుపు కొద్దిగా తెరిచి, కింద పాత గుడ్డ పరవండి. పొద్దున ఆపితే ఐసు కరిగి లిఫ్ట్ దాకా నీళ్ళు కారుతాయి.
- వాషింగ్ మెషిన్ పైపుల్లో నీళ్ళు వంపేయండి. ఫ్రంట్ లోడ్ అయితే కొన్నప్పుడు తీసిన ట్రాన్సిట్ బోల్టులు వెతికి వెనక బిగించండి, లేకపోతే దారిలో డ్రమ్ము ఊగి పాడవుతుంది.
- టీవీ, సెట్‌టాప్ బాక్స్, రౌటర్ వెనక వైర్లకు ఫోటో తీసి, తర్వాత విప్పండి.
- ఒక మంచం ముందు రోజే విప్పేసి, ఆ రాత్రి కింద పరుపు మీద పడుకోండి. బోల్టులు, అలెన్ కీ ఒక కవరులో వేసి మంచం చెక్కకే టేపుతో అతికించండి. వేరే పెట్టెలో వేస్తే రాత్రి దొరకవు.
- బంగారం, ఒరిజినల్ కాగితాలు, ల్యాప్‌టాప్, పిల్లల సర్టిఫికెట్లు, బీరువా తాళాలు ఒక బ్యాగులో. ఆ బ్యాగు ఒకే మనిషి దగ్గర ఉండాలి.
- చిల్లర. బండివాళ్ళకు, వాచ్‌మన్‌కు, చాయ్‌లకు 100, 50 నోట్లు. యూపీఐ ఉందిలే అనుకుంటాం, బేస్‌మెంట్లో సిగ్నల్ ఉండదు.
- ఫోన్, పవర్ బ్యాంక్ ఫుల్ ఛార్జ్.

ఇక మొదటి రాత్రి సంచి. ఇందులో ఉన్నది చాలు, ఆ రాత్రి ఇంకే పెట్టే తెరవక్కర్లేదు అన్నట్టు ఉండాలి:

- అందరికీ ఒక జత బట్టలు, తువ్వాళ్ళు, దుప్పట్లు, దిండ్లు
- సబ్బు, బ్రష్షులు, మందులు, శానిటరీ ప్యాడ్లు
- మగ్గు, బకెట్, రెండు బల్బులు, ఎక్స్‌టెన్షన్ బాక్స్
- స్క్రూడ్రైవర్, స్పానర్, కత్తెర, టేపు
- స్టవ్వు, లైటర్, ఒక గిన్నె, టీపొడి, చక్కెర, నాలుగు ప్లేట్లు, గ్లాసులు
- దోమల కాయిల్ లేదా మెషిన్ (కొత్త ఇంటికి నెట్‌లు ఉన్నాయో లేవో రాత్రయ్యాకే తెలుస్తుంది)

పాత చీపురు కొత్త ఇంటికి తీసుకెళ్ళరు కాబట్టి కొత్త చీపురు, తుడుపు కర్ర ముందే కొని అక్కడ పెట్టేయండి. పాలు పొంగించడానికి వెళ్ళినప్పుడు ఇల్లు ఓసారి కడిగించేస్తే ఇంకా మంచిది. సామాను వచ్చాక కడగాలంటే అయ్యే పని కాదు.

6. ఇద్దరు మనుషులు, రెండు ఇళ్ళు

భార్యాభర్తలిద్దరూ పాత ఇంట్లోనే ఉండి, బండి వెనకే వెళ్ళి, కొత్త ఇంటి తాళం తీసి, అప్పుడు లైట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడం చాలా ఇళ్ళలో చూస్తుంటాం. విడిపోండి. ఒకరు పాత ఇంట్లో చివరి దాకా. ఇంకొకరు లోడింగ్ సగంలో ఉండగానే కొత్త ఇంటికి వెళ్ళి గేటు, లిఫ్ట్, నీళ్ళు, కరెంటు చూసుకోవాలి. కుటుంబంలో ఇద్దరు లేకపోతే తమ్ముడినో, ఆఫీసు ఫ్రెండునో పిలవండి. నలుగురు చుట్టాలొచ్చి తలో సలహా ఇవ్వడం కంటే చెప్పిన చోట నిలబడే ఒక్క మనిషి చాలు.

హమాలీలకు చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. నాన్న ఒకటి, అమ్మ ఒకటి, మామయ్య ఇంకొకటి చెబితే వాళ్ళు బీరువా భుజాన పెట్టుకునే నిలబడిపోతారు.

చిన్న పిల్లలు, పెద్దవాళ్ళు ఆ పూట చుట్టాలింట్లో ఉంటే వాళ్ళకూ హాయి. అలా కుదరకపోతే ఆఖరుగా ఖాళీ అయ్యే గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, మజ్జిగో నిమ్మరసమో పక్కన పెట్టండి. మేలో అయితే ఇది తప్పనిసరి.

7. ఆ రోజు గంట గంటకూ

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొండాపూర్‌కు అనుకుందాం.

- 5:30 స్నానాలు, దేవుడి గది ఆఖరి సర్దుడు. గ్యాస్ సిలిండర్ నాబ్ ఆపి, రెగ్యులేటర్ తీసి, మూత పెట్టండి. చాలామంది ప్యాకర్స్ సిలిండర్ ఎక్కించుకోరు, ఒప్పుకోకపోతే ఎలాగో ముందే అడిగి ఉంచాలి. ఎలా తీసుకెళ్ళినా నిటారుగానే ఉండాలి.
- 6:30 అందరికీ టిఫిన్ బయటి నుంచి. వంటిల్లు అప్పటికే మూసేశాం.
- 7:00 బండి రావాలి. మీరు చెప్పే టైమ్ మాత్రం 6:30 అని చెప్పండి. 6 గంటలకే డ్రైవర్‌కు ఫోన్ చేసి "బయల్దేరారా" అని అడగండి.
- 7:15 హమాలీలకు ఇల్లంతా ఒక్కసారి తిప్పి చూపించండి. ఏది బండిలోకి, ఏది కారులోకి, ఏది ఇక్కడే ఉండిపోతుంది. ఐదు నిమిషాల పని, తర్వాత యాభై ప్రశ్నలు ఆగిపోతాయి.
- 9:00 ఒకరు కొత్త ఇంటికి బయల్దేరాలి.
- 10:00 లోడింగ్ పూర్తి. అందరికీ చాయ్. ఆ పది నిమిషాల్లో మీరు అటక, బాత్రూమ్ తలుపు వెనక, బాల్కనీ, మేడ మీద బట్టల తీగ చూసుకోండి.
- 10:15 బండి కదలాలి. ఆదివారం కాబట్టి రోడ్లు కాస్త ఖాళీగా ఉంటాయి.
- 11:30–12:00 కొత్త ఇంటికి చేరిక. దారికి మీరు అనుకున్న దానికంటే అరగంట ఎక్కువే వేసుకోండి.
- 1:30–2:00 అన్‌లోడింగ్ పూర్తి. అందరికీ భోజనం పార్శిల్ ఆర్డర్ 12:30కే పెట్టేయాలి.
- 3:00 దాకా మంచాలు బిగించడం. హమాలీలు వెళ్ళేలోపే ఇది అయిపోవాలి, వెళ్ళాక మళ్ళీ రారు.
- 3:00 తర్వాత ఖాళీ. ఇది బఫర్. ఇక్కడ ఇంకే పనీ పెట్టకండి, కార్పెంటర్‌ను పిలవకండి, చుట్టాలను భోజనానికి పిలవకండి.

కొత్త అపార్ట్‌మెంట్‌లో ఆదివారం వద్దంటే ఇదే ప్లాన్ వారం మధ్యలో చేయొచ్చు. కానీ ఐటీ కారిడార్ వైపు వెళ్ళే బండి పొద్దున ఆఫీసు రద్దీలో పడకూడదు. లోడింగ్ కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టి, 11:30 తర్వాత కదిలి, సాయంత్రం 4 లోపు దించేసి బండిని వదిలేసేలా చూసుకోండి.

8. ఎక్కించే క్రమం

ఆఖరున ఎక్కింది ముందు దిగుతుంది. బరువైనవి, అంటే బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బండి లోపలి వైపు, నిలబెట్టి, తాడుతో కట్టాలి. వాటి మధ్య పరుపులు, సోఫా కుషన్లు. తర్వాత పుస్తకాల పెట్టెలు కింద, తేలికవి పైన. ఆఖరున మంచం చెక్కలు, ఒక పరుపు, వంటింట్లో ముఖ్యమైన రెండు పెట్టెలు. టీవీని పడుకోబెట్టకండి, నిలబెట్టి రెండు పరుపుల మధ్య ఉంచండి. ఇన్వర్టర్ బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది, అది వంగకూడదు, దాని మీద ఏదీ పెట్టకూడదు.

బీరువాను బట్టలతో సహా ఎత్తమనకండి. తలుపు ఊడిపోతుంది, మోసేవాళ్ళ నడుములు కూడా పట్టేస్తాయి.

పెట్టెలు ఎక్కుతుంటే ఒకరు గుమ్మం దగ్గర నిలబడి నంబర్లకు టిక్కు పెట్టండి. దిగేటప్పుడూ అంతే.

9. కొత్త ఇంట్లో మొదటి రెండు గంటలు

అన్నీ ఒకేసారి సర్దాలని చూడకండి. వరస ఇది: ముందు ఒక బాత్రూమ్ వాడుకునేలా, తర్వాత మంచాలు, తర్వాత స్టవ్వు, తర్వాత బెడ్రూమ్ కిటికీలకు దుప్పటో పాత చీరో కట్టడం. మిగతా పెట్టెలు వాటి గదుల్లో గోడ వారగా ఉండనివ్వండి.

ఫ్రిజ్‌ను వెంటనే ఆన్ చేయకండి. కుదుపులకు కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి పోయి ఉంటుంది, అది మళ్ళీ కిందికి దిగాలి. నిలబెట్టే తెచ్చినా మూడు నాలుగు గంటలు ఆగండి, పడుకోబెట్టి తెస్తే తర్వాతి రోజు దాకా. ఆ రోజుకు పాలు, పెరుగు కావాల్సినంతే కొనుక్కోండి.

గ్యాస్ బిగించాక సబ్బు నురుగుతో లీకు చూడండి. వాసన వస్తే కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. కరెంటు లేకపోతే ముందు మెయిన్ ఎంసీబీ చూసి, అప్పుడు 1912. నల్లా నీళ్ళ ఇబ్బందికి వాటర్ బోర్డు నంబరు 155313.

10. అడ్డం తిరిగితే

బండి రాలేదు. అరగంట దాటితే ఎదురుచూస్తూ కూర్చోకండి. ఇంకో ఇద్దరు డ్రైవర్ల నంబర్లు, లోడ్ బళ్ళు దొరికే యాప్ ఒకటి ముందే ఫోన్‌లో ఉంచుకోండి. హమాలీలు బండితో కాకుండా విడిగా వచ్చి ఉంటే, ఆ టైములో సామానంతా కిందికి దింపించేయండి.

లిఫ్ట్ ఆగిపోయింది. చిన్న పెట్టెలు మెట్ల మీదుగా, పెద్దవి లాబీలో. జనరేటర్ మీద సర్వీస్ లిఫ్ట్ నడుస్తుందా అని వాచ్‌మన్‌ను అడగండి. అంతస్తుకింత అని రేటు అప్పటికప్పుడు తేల్చి చెప్పండి, గొణుగుళ్ళతో పని సాగదు.

వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మారేవాళ్ళు టార్పాలిన్ ఉన్న బండే మాట్లాడండి. పరుపులకు ప్లాస్టిక్ కవర్లు ముందే వేయండి. గట్టి వాన మొదలైతే అండర్‌పాస్‌ల కింద నీళ్ళు నిలుస్తాయి, ఓ గంట ఆగి వెళ్ళడమే త్వరగా చేరే దారి.

పారేయాలా వద్దా అన్న గొడవ. తేలని వస్తువులన్నీ "తర్వాత" అని రాసిన ఒక పెట్టెలో వేసి తీసుకెళ్ళిపోండి. ఆ రోజు తీర్పులకు టైమ్ లేదు.

11. పాత ఇల్లు అప్పగించడం, డబ్బులు ఇవ్వడం

ఇల్లు ఖాళీ కాగానే, తుడిచాక, గది గదికీ వీడియో తీయండి. గోడలు, కుళాయిలు, గీజర్, ఫ్యాన్లు. కరెంటు మీటర్ రీడింగ్, పక్కనే ఉండే సర్వీస్ నంబరు ఒకే ఫోటోలో పడాలి. ఆ ఫోటో ఓనర్‌కు అప్పుడే పంపండి. చివరి బిల్లు ఎంత, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు, మిగిలిన అడ్వాన్స్ ఎప్పుడిస్తారు, ఇవి నోటితో మాట్లాడుకున్నా వెంటనే మెసేజ్‌లో రాసి పెట్టండి. తాళాలు ఎన్ని ఇచ్చారో అన్నీ తిరిగి ఇచ్చి, వాటికీ ఒక ఫోటో.

ఓనర్ ఆ రోజు ఊళ్ళో లేకపోతే సామాను ఆపుకోకండి. తాళాలు ఎవరికివ్వాలో మెసేజ్‌లో చెప్పించుకుని వాళ్ళకిచ్చేయండి.

బండివాళ్ళకు అడ్వాన్స్ కొంచెమే ఇచ్చి, మిగిలింది మంచాలు బిగించాక, పెట్టెల లెక్క సరిపోయాక ఇవ్వండి. టీవీని ఒకసారి ఆన్ చేసి చూడండి, అద్దాల సామాను పెట్టెలు రెండు తెరిచి చూడండి, ఏదైనా పగిలితే వాళ్ళ ముందే ఫోటో తీయండి. పని బాగా చేసిన హమాలీల చేతికి చాయ్ డబ్బులు విడిగా ఇవ్వండి. బండి యజమానికి ఇచ్చే దాంట్లో కలిపేస్తే అది వాళ్ళకు చేరుతుందన్న నమ్మకం లేదు.